గుర్వయ్య మెచ్చిన తాటికల్లు

ఏ ఊరికి పోయినా ఈదమ్మ ముందుగా అడిగేది మంచినీళ్ళ బావి కాదు, కల్లుదుకాణం. నెత్తిమీది గొంగళ్ళ మూట దించకముందే ఎదురొచ్చిన మొదటి మనిషిని నిలబెట్టి, "గీ ఊర్ల కల్లు గీసెతందుకు తాడెక్కెటాయన ఎవరు? చెయ్యి మంచిదేనా?" అనేది. ఆ అడగడంలో సిగ్గు ఉండేది కాదు, ఆబ కూడా ఉండేది కాదు. జ్వరమొచ్చినవాళ్ళు వైద్యుడి గురించి వాకబు చేసినట్టు అడిగేది.

వాళ్ళది దేవరకొండ తాలూకా. కురుమలు. మంద ఎప్పుడూ నలభై గొర్రెలకు మించలేదు. ఆ ఉన్నిని ఈదమ్మ వడికితే ఆమె మగడు గుర్వయ్య గొంగళ్ళు నేసేవాడు. చింతగింజల గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టి, పదో పన్నెండో తయారు కాగానే గొర్రెలను తమ్ముడికి అప్పగించేవాడు. ఇద్దరూ మూటలు కట్టుకుని బయలుదేరేవాళ్ళు. కార్తీకంలో పోతే శివరాత్రి దాకా తిరుగుడే. ఇటు కట్టంగూరు, అటు కల్వకుర్తి మీదుగా షాద్‌నగర్. ఏ అంగడి ఏ రోజో గుర్వయ్యకు తెలుసు. ఏ దుకాణంలో కల్లు ఎట్లా ఉంటుందో ఈదమ్మకు తెలుసు. ఆ రెండూ కలిస్తేనే వాళ్ళ దారి తేలేది. కల్లు బాగాలేని ఊరు ఎంత దగ్గరైనా దాన్ని తప్పించి చుట్టు తిరిగి పోయేవాళ్ళు.

దుకాణంలో కూర్చున్నాక వాళ్ళకొక పద్ధతి ఉండేది. గుర్వయ్య తాటాకును దోసిలిలా మడిచి రేక చేసి ఆమె చేతికిచ్చి, "నువ్వు జూడు ముందుగాల" అనేవాడు. పోయినవాళ్ళ పేర రెండు చుక్కలు నేలమీద వదిలి, ఆమె మొహం చూస్తూ కూర్చునేవాడు. ఆమె ఒక గుక్క నోట్లో నిలిపి, మెల్లగా మింగి, అప్పుడు మాట విప్పేది. బాగుంటే ఒక్క మాట. బాగాలేకపోతే దుకాణమంతా వినేది.

"రాత్రి కల్లు పొద్దటి దాంట్ల కలిపినవ్ గౌడు. కల్లువట్టె లొట్టి కడిగి గూడ మూడొద్దులాయె."

"ఏందమ్మో, తాడు ఎక్కింది నువ్వా నేనా?"

"ఎక్కింది నువ్వే బిడ్డా. కడగనిది గూడ నువ్వే."

తాగేవాళ్ళంతా గొల్లుమనేవాళ్ళు. గౌడు కూడా నవ్వక తప్పేది కాదు. కట్టంగూరు దుకాణంలో మాత్రం ఆమె ఎప్పుడూ వంక పెట్టలేదు. అక్కడ ఉడికించిన బొబ్బర్ల గుడాలు తెప్పించుకుని, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి కూర్చునేది. ఇంతకన్నా మంచి కల్లు భూమ్మీద లేదని ఆమె తీర్పు.

ఊళ్ళో పేరు మాత్రం గుర్వయ్యదే. బండ్లు తోలేవాళ్ళు ప్రయాణానికి ముందు వాళ్ళ ఇంటి ముందు ఆగేవాళ్ళు. "గుర్వన్నా, మిర్యాలగూడ దిక్కు పోతున్న. ఏడ ఆగాలె?" అని అడిగితే మగ్గం గుంటలోంచే అతను చెప్పేవాడు. రాట్నం దగ్గర ఈదమ్మ లోలోపల నవ్వుకునేది. పేరు ఆయనది, నాలుక తనది. బీడీలు కాల్చి కాల్చి ఆయన నోరు మొద్దుబారిందని ఆమె నమ్మకం. ఆ సంగతి ఆమె బయట ఎవరికీ చెప్పలేదు. అది ఆలుమగల మధ్యది.

కృష్ణకు అడ్డంగా నందికొండ దగ్గర కట్ట లేస్తున్న రోజులవి. గుట్టల నడుమ వేలమంది కూలీలు రేకుల కింద, తడకల కింద పడుకునేవాళ్ళు. ఏటిగాలికి గొంగడి లేనిదే రాత్రి గడిచేది కాదు. యాభైతొమ్మిది చివర ఆ కబురు విని ఇద్దరూ పోదామనుకున్నారు గాని, కూతురు గోపమ్మ కాన్పుకు వచ్చింది. ఈదమ్మ కదల్లేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి గుర్వయ్య ఒక్కడే పోయాడు.

పన్నెండు రోజులకు తిరిగొచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా వాకిట్లోంచే కేకేశాడు.

"ఈదీ! పెద్దవూరకు ఇవతల వాగు పక్కన చిన్న గూడెమున్నది. గాడ సాయిలు గౌడని ఒకాయన. నేను పుట్టినకాంచి గసొంటి కల్లు తాగలే."

"కట్టంగూరు దానికన్ననా?" లోపలినుంచి ఆమె ఇంకా గట్టిగా అడిగింది.

"దానికన్న గూడ."

"నీకేమెరుక?"

"మల్ల యాడాది నిన్ను తోల్కపోత. తాగినంక నువ్వే అను."

అప్పటికే అరుగు మీద బండి జానయ్య కూర్చుని ఉన్నాడు. నందికొండ క్యాంపుకు జొన్నల బస్తాలు తోలేవాడతను. ఆ మాట విననే విన్నాడు. గుర్వయ్య అతన్ని చూసి నాలుక కరుచుకున్నాడు. ఎందుకు కరుచుకున్నాడో ఈదమ్మ అప్పుడు పట్టించుకోలేదు.

వారానికే జానయ్య మరో ముగ్గురు బండ్లవాళ్ళతో కలిసి ఆ గూడెంలో ఆగాడు. వచ్చినాక ఊరంతా చాటాడు. "గుర్వన్న జెప్పిన కల్లుతోని మా ఎడ్ల కాళ్ళు కడిగినం. అవి గూడ మొకం తిప్పుకున్నయ్!"

గుర్వయ్య బీడీ ముట్టించుకున్నాడు. "మీ నసీబు గట్లున్నది" అని నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత బండ్లు ఆ ఇంటి ముందు ఆగడం మానేశాయి. ఈదమ్మకు తల కొట్టేసినట్టయింది. ఒకరోజు గంజి కాస్తూ అనేసింది.

"నేను లేకుంట పోతే గిట్లనే అయితది. నోరు సూసుకొని మాట్లాడాలె."

అతను దానికీ నవ్వాడు. ఆ నవ్వు ఆమె తర్వాత ఎన్నోసార్లు తలుచుకుంది. ఎందుకంటే మళ్ళీ ఏడాదికి తోలుకపోవడానికి అతను లేడు. ఆషాఢంలో జ్వరం వచ్చి పదో రోజున పోయాడు.

దినం నాడు జానయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేలమీద కల్లు చుక్కలు వదులుతూ, "బంగారమసొంటి మనిషి. గా ఒక్క మాట తప్ప ఏనాడు అబద్ధమాడలే" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అయినా ఆ ఒక్క మాట ఈదమ్మ గుండెలో ముల్లులా దిగబడింది. ఆయన అబద్ధమాడాడా? లేక నిజంగానే రుచి తెలియక మోసపోయాడా? రెండింటిలో ఏది నిజమైనా తనకు తెలియాలి. ఆయన మాటే నిజమయ్యే మూడోది కూడా ఉండొచ్చు కదా అని ఒక మూల ఆశ.

చలి మొదలయ్యాక, మగడు నేసిన చివరి నాలుగు గొంగళ్ళు మూట కట్టుకుని జానయ్య బండెక్కింది.

"వదినె, గంత దూరం గీ కల్లు కోసమా?" అన్నాడు జానయ్య.

"గొంగళ్ళు అమ్మవోతున్న."

"అయితే దేవరకొండ అంగట్ల అమ్మరాదా?"

"నీ ఎడ్లకు బరువైతున్ననా?"

జానయ్య ఎడ్లను అదిలించాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి గూడెం చేరారు. దుకాణం అంటే నాలుగు గుంజల మీద తాటాకుల కప్పు. మధ్యలో నడుమెత్తు కుండ. ఈదమ్మ రేక పట్టింది. ఒక్క గుక్కకే తెలిసిపోయింది. నాలుగు రకాల తాటిచెట్ల కల్లు ఒకటిగా కలిపారు. పైన బావినీళ్ళు. ఆ నీళ్ళను దాచడానికి పంచదార. మింగలేక పక్కకు ఉమ్మేసింది.

"సూసినవా?" అన్నాడు జానయ్య. అతని గొంతులో గెలుపు లేదు, జాలి ఉంది. అదే ఆమెకు ఇంకా కష్టమనిపించింది.

"నువ్వు క్యాంపుకు పో. రేపు పొద్దెక్కినంక గిట్లనే రా. నేను గీడ అమ్ముకొని ఉంట."

బండి పోయాక ఆమె దుకాణమాయన్ని అడిగింది. సాయిలు గౌడు ఆయన కాడట. సాయిలు తాళ్ళు గీసి కల్లు తెచ్చి ఈ కుండలో పోసిపోయే మనిషట. పొద్దు వాలేవేళ సాయిలు లొట్లతో వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, చెట్టెక్కే మోకు రాసుకుని ఛాతీ అంతా కాయలు కాసి ఉంది. కుండలో కల్లు పోసి బయటికి రాగానే ఈదమ్మ ఎదురు నిలబడింది.

"తమ్మీ, నేను గొంగళ్ళ గుర్వయ్య పెండ్లాన్ని."

సాయిలు మొహం వెలిగింది. వెంటనే దుకాణం దిక్కు చూసి గొంతు తగ్గించాడు.

"గుర్వన్న రాలేదా అక్కా?"

"ఆషాఢంల పోయిండు."

అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇంటికి పా అక్కా. పొద్దుగాల వాగు కాడికి తోల్కపోత. గీడ మాత్రం ఏం మాట్లాడకు" అన్నాడు. ఆ రాత్రి అతని భార్య భద్రమ్మ ఆమెకు జొన్నరొట్టెలు చేసి పెట్టింది. మూలన పిల్లవాడు పడుకుని ఉన్నాడు. వాడి మీద కప్పిన నల్లగొంగడి అంచు చూసి ఈదమ్మ ఆ నేత ఎవరిదో గుర్తుపట్టింది.

తెల్లవారకముందే వాగుకు పోయారు. ఇంకా కాకులు కూడా లేవలేదు. సాయిలు మోకు బిగించి, వాగు వైపు మూడో తాడెక్కి, లొట్టి దించుకుని వచ్చాడు. ఈదమ్మ రేక పట్టింది.

ఒక గుక్క నోట్లో నిలిపి, మెల్లగా మింగింది. చల్లగా ఉంది, కానీ చలి పుట్టించేది కాదు. మొదట తీపి, ఆ తీపి వెనకే లేతముంజె వాసన. చివర్న నాలుక అంచున చిన్న వగరు, తాగినవాణ్ణి మళ్ళీ పిలిచేంత మాత్రం. కట్టంగూరు కల్లు దీని ముందు చిన్నబోయింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

సాయిలు పక్కన కూర్చుని చెప్పాడు. "నా కొడుకు పుట్టి అయిదొద్దులు గాలే అప్పుడు. చలికి వాడు ఏడుస్తుంటే గుర్వన్న విని, అమ్మకానికి తెచ్చిన గొంగడి తెచ్చి కప్పిండు. వద్దంటె తిట్టిండు. నా కాడ ఇచ్చెతందుకు ఏమున్నది? గీ తాడు కల్లు దుకాణానికి పోకముందే ఆయనకు పోసిన. చెట్టు కింద పోసినమని, దుకాణం, తాళ్ళు గుత్తకు వట్టిన కాంట్రాక్టరుకు ఎరుకైతే నా తాళ్ళు గుంజుకుంటడు. ఎవ్వలకు జెప్పనని ఒట్టేసి పోయిండు."

ఈదమ్మకు అప్పుడు వాకిట్లో ఆయన నాలుక కరుచుకున్న సంగతి అర్థమైంది. ఆలికి చెప్పాలన్న ఆత్రంలో కేకేశాడు, ఆ కేక జానయ్య విన్నాడు.

"బండ్లోళ్ళు వచ్చి దుకాణంల ఆయన పేరు పెట్టి తిట్టిపోయిన్రు" అన్నాడు సాయిలు. "నేను గాడనే ఉన్న. నోరు ముయ్యవడ్తి. మల్ల గుర్వన్న కనవడితె కాళ్ళు మొక్కుదామనుకున్న."

"ఊర్ల గూడ ఆయన చెప్పలే. నాకు సుత చెప్పలే."

"ఆయన నోరు మామూలు నోరు గాదక్కా. మొదటి గుక్కకే, నిన్న కత్తి గీత లోతువడ్డది గదా అన్నడు. నాకు దిమ్మ తిరిగింది. యాడ నేర్సుకున్నవన్నా అంటే, మా ఇంటామె మొకం జూసుకుంట ఇరవై ఏండ్లు తాగిన, ఆమె కాడనే నేర్సుకున్న అన్నడు."

ఈదమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సాయిలు లేచి అటు తిరిగి లొట్లు సర్దుకున్నాడు. కాసేపటికి ఆమె రేక మళ్ళీ పట్టింది. "ఇంకింత పొయ్యి తమ్మీ. ఆయన వంతు గూడ."

పొద్దెక్కాక జానయ్య బండి వచ్చింది. అప్పటికి గొంగళ్ళు రెండు అమ్ముడుపోయాయి, ఒకటి భద్రమ్మకు ఇచ్చేసింది, ఒకటి మూటలో మిగిలింది. దుకాణం ముందు సాయిలు లొట్లు దించుతున్నాడు. దుకాణమాయన పక్కనే ఉన్నాడు.

"ఏం వదినె, సాయిలు గౌడు దొరికిండా? మా గుర్వన్న మాట ఏమాయె?" అని జానయ్య బండి మీంచే కేకేశాడు.

సాయిలు చేతిలో లొట్టి ఆగింది.

చెప్పాలని ఎంత ఉండిందో ఈదమ్మకు. ఒక్క మాట చాలు, ఊళ్ళో ఆయన పేరు మళ్ళీ నిలబడుతుంది. ఆ మాట పట్టుకుని వచ్చే కార్తీకానికి పది బండ్లు ఈ వాగు పక్క ఆగుతాయి. తెల్లవారేసరికి పదిమంది ఆ తాడు కింద నిలబడతారు.

"నువ్వన్నదే నిజం జానయ్యా. ఉత్త నీళ్ళ కల్లు" అంది.

జానయ్య నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. బండి దిగి ఆమె మూట అందుకున్నాడు. "పోనీ వదినె. మనిషన్నంక ఒక్క మాట తప్పుతది."

"తప్పుతది" అంది ఈదమ్మ, బండెక్కి కూర్చుంటూ.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆమె ఒక్కతే గొంగళ్ళు అమ్ముతూ తిరిగింది. మెల్లమెల్లగా బండ్లవాళ్ళు మళ్ళీ ఆ ఇంటి ముందు ఆగడం మొదలుపెట్టారు. ఈసారి ఆమెనే అడిగేవాళ్ళు. కట్టంగూరు చెప్పేది, కల్వకుర్తి చెప్పేది. నందికొండ తోవలో ఎక్కడ ఆగాలంటే మాత్రం, "గాడ ఎక్కడా బాగుండదు. మా ఆయన సుత మోసపోయిండు" అనేది. ప్రతి మాఘంలో ఆ తోవన తాను మాత్రం పోయేది.