మూడు చుక్కల దూలం

పాత కట్టడాలు విప్పడంలో బోల్టు బాబాయిది అందెవేసిన చెయ్యి. మిగతావాళ్లు గ్యాస్ కట్టర్‌తో ఇనుప దూలాలను ముక్కలుగా కోసి ఫర్నేసుకు తోలేస్తుంటే, ఈయన మాత్రం స్పానర్ పట్టుకుని ఒక్కో బోల్టునూ బతిమాలి ఊడదీసేవాడు. దించిన ప్రతి దూలం చివరా సుత్తీ ఉలీ పెట్టి మూడు చుక్కలు కొట్టేవాడు. అది ఆయన సంతకం. కొనడానికి వచ్చినవాళ్లకు ఉపన్యాసం ఉచితం.

"ఉక్కుకి ముసలితనం ఉండదండీ! నిక్షేపంలాంటి దూలాన్ని కరిగించి, మళ్లీ దూలమే చెయ్యడానికి అంత బొగ్గు కాల్చాలా? అంత పొగ మనం మింగాలా? ఎందుకూ, మా ఇంటి మేడగది నిలబడింది పాత దూలాల మీదే!"

చివరి మాట తప్ప అంతా నిజం. చివరిది మాత్రం పచ్చి అబద్ధం. మేడగది వేసుకునే రోజున ఆయన గుండె పీచుపీచుమంది. ఊరందరికీ ధైర్యం పంచిపెట్టిన మనిషి, తన నెత్తిమీదికి వచ్చేసరికి చడీచప్పుడు లేకుండా ఇనుప కొట్టుకు పోయి, రంగు నిగనిగలాడే కొత్త దూలాలు తెచ్చుకున్నాడు. ఆ సంగతి తెలిసింది భార్యకొక్కదానికే. భర్త ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడల్లా ఆవిడకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

ఏళ్లు గడిచాక ఒక ఇంజనీరమ్మ వచ్చింది. కట్టబోయే బడి మొత్తం పాత ఉక్కుతోనే లేపాలని ఆవిడ పట్టుదల. బాబాయి దూలాలు పేర్చుకున్న అద్దె స్థలం ఖాళీ చెయ్యాల్సిన సమయమది. ఆవిడ తీసుకుంటే సరే, లేకపోతే ఆయన జీవితమంతా విప్పి దాచినదంతా ఫర్నేసు పాలవుతుంది.

"పరీక్షల్లో మీ దూలాలు బాగానే తేలాయి బాబాయిగారూ. కానీ మా బడి కమిటీవాళ్లకే నమ్మకం కుదరడం లేదు. మీ మేడగది ఫోటో ఒకటి చూపిస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయి."

బాబాయి తుడిచిన స్పానర్‌నే మళ్లీ తుడిచాడు. "ఇల్లు సర్దలేదమ్మా," అన్నాడు.

"నేను చూసేది పైకప్పే కదండీ!"

ఇంజనీరమ్మ మేడగదిలో నిచ్చెనెక్కి, ఆయన గుర్తు కోసం దూలం చివర తాళంచెవితో రంగు గీకింది. భార్య నిచ్చెన పట్టుకుంది. బాబాయి తలుపు పట్టుకున్నాడు, పారిపోవడానికి వీలుగా.

రంగు పెచ్చులూడింది. దాని కింద పూడ్చిన పాత బోల్టు రంధ్రం బయటపడింది. పక్కనే మూడు చుక్కలు!

"మీ గుర్తే! ఇంక కమిటీ మాట్లాడితే ఒట్టు," అంటూ ఆవిడ ఫోటో తీసుకుంది. సరుకంతా తనకేనని చెప్పి వెళ్లిపోయింది.

బాబాయి నిచ్చెన కాళ్ల దగ్గరే చతికిలబడ్డాడు. తాను ఎప్పుడో అమ్మిన దూలాలే చేతులు మారి, ఇనుప కొట్టులో రంగు పూసుకుని, కొత్తవాటి ధరకు తన నెత్తికే ఎక్కాయన్నమాట. అవమానంతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పోయి ఆ కొట్టాయన్ని నిలదియ్యండి," అంది భార్య.

"ఏమని నిలదియ్యనే? పాతవి అంటగట్టావంటే, తేడా ఏముందని అడుగుతాడు. ఊళ్లో నా ఉపన్యాసం విననివాడు ఎవడున్నాడు?"

"తేడా లేనప్పుడు ఏడుపెందుకు మరి?"

ఆయన లేచి కంచం ముందు కూర్చున్నాడు. భోంచేసి, కునుకు తీయడానికి మేడగదిలోకి పోయాడు. ఇన్నేళ్లూ ఆ దూలం కిందే గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషి, ఒకసారి పైకి చూసి, మంచాన్ని గోడవైపు జరుపుకున్నాడు.

ఖాళీ అయిన చోట భార్య చాప పరుచుకుని, హాయిగా నిద్రపోయింది.