బత్తాయి రసమా, చెంచాడు సాసా

మా ఆయనకు సూదంటే భయం. బతుకంతా మగ్గం మీద తివాచీలు నేసిన మనిషి, సూది కనిపిస్తే మొహం పక్కకు తిప్పుకుంటాడు. మాత్రలకు షుగర్ లొంగడం లేదని, వచ్చే పరీక్షకు కూడా దిగకపోతే రోజూ ఇన్సులిన్ సూది తప్పదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి ఆయనకు కంటి నిండా నిద్ర లేదు. నాకూ లేదు గానీ, నేను చెప్పను.

నేను చదివింది నాలుగో తరగతే. అయినా మా ఇంట్లో ఏది ఎంత వాడాలన్నది నా చెయ్యి దాటిపోదు. ముందుగా టమాట సాస్ సీసాను పైఅరలో పెట్టేశాను. బడి నుంచి రాగానే మనవరాలు, తాత ఒకే పళ్ళెం ముందు కూర్చుని బియ్యప్పిండితో కాల్చిన సర్వప్ప ముక్కలు సాస్‌లో అద్దుకు తినేవాళ్ళు. ఆ కూర్చోవడమూ ఆగిపోయింది.

దానికి బదులు ఆయనకు పొద్దున్నే పెద్ద గ్లాసెడు బత్తాయి రసం. పండు కదా, మేలే చేస్తుందనుకున్నాను. మార్కెట్ మూసే వేళకు పోయి, తోలు వాడిన కాయలు బేరమాడి తెచ్చి, నా చేత్తోనే పిండి, బట్టలో వడగట్టి ఇచ్చేదాన్ని. పిప్పి పారేయడానికి మనసొప్పక కరివేపాకు చెట్టు మొదట్లో వేసేదాన్ని. చెట్టు ఏపుగా పెరిగింది. ఆయన షుగర్ మాత్రం దిగలేదు.

ఒక ఆదివారం మనవరాలు స్టూలెక్కి సాస్ సీసా దించింది. తాతకు అదెందుకు వద్దో తేల్చాలట. సీసా వెనకున్న చిన్న అక్షరాలు చదివింది.

"నానమ్మా, వంద గ్రాముల సాస్‌ల చక్కెర బాగనే ఉన్నది. ఉప్పు గూడ ఉన్నది."

"నేను చెప్పలే? పైన పెట్టు."

"ఆగు జర." ఫోన్‌లో బత్తాయి రసం గురించి వెతికింది. "వంద గ్రాములకైతే రసంల తక్కువనే ఉన్నది."

"అయితే నేనే గెలిచిన."

"గని తాత వంద గ్రాముల సాస్ తాగుతాండా?"

చేస్తున్న పని ఆపాను. అది నాకు తెలిసిన లెక్కే. వంటింట్లో దేన్నయినా పళ్ళెంలోకి వచ్చే కొలతతోనే చూస్తాను. సాస్ అయితే ఒక చెంచా. రసం అయితే గ్లాసుకు మూడు నాలుగు కాయలు. అన్ని బత్తాయిలు ఒక్కసారే తినమంటే రెండోదానికే ఆయన చేతులెత్తేస్తాడు. రసంలో విటమిన్లు ఉంటాయి, నిజమే. కానీ చెంచాడు సాస్ కంటే ఆ గ్లాసులో తీపి ఎన్నో రెట్లు. ఆ తీపిని మెల్లగా ఒంటికి పట్టించే పీచు పిప్పితోపాటే పోతుందట, మనవరాలు ఫోన్‌లో చదివి చెప్పింది. మర్నాడు డాక్టరమ్మను అడిగితే ఆమె కూడా, "పండు తిననియ్యుండ్రి, పిండకుండ్రి," అంది.

ఇంటికి వచ్చి ఆయనను నిలదీశాను.

"రసం ఎట్లుందో ఒక్కనాడన్న చెప్పినవా?"

"ఏం చెప్పాలె. అది నా నోటికే పడదు."

"మరెందుకు తాగినవ్?"

"వేళ్ళు గుంజుతానయని నూనె రాసుకుంటానవ్. పొద్దుగాల మల్ల గా చేత్తోనే పిండి ఇత్తానవ్. ఎట్ల వద్దందు?"

పని ఉన్నట్టు లోపలికి వెళ్ళాను. కాసేపటికి గాని బయటికి రాలేదు.

ఆనాటి నుంచి రోజుకు ఒకే బత్తాయి, తొనలు ఒలిచి ఇస్తున్నాను. సాస్ కూడా ఇంట్లోనే చేశాను. టమాటలు, వెల్లుల్లి ఉడకబెట్టి, చక్కెర లేకుండా, ఉప్పు తగ్గించి. మనవరాలు వేలితో నాకి చూసింది.

"నానమ్మా, ఇది సాస్ గాదు, తొక్కు."

"తింటే తిను, లేకుంటే లే."

తాత మాత్రం ముక్కను నిండా ముంచాడు. ఇద్దరూ మళ్ళీ ఒకే పళ్ళెం ముందు కూర్చున్నారు.

పోయిన వారం పరీక్షలో షుగర్ దిగింది. సూది ప్రస్తుతానికి తప్పింది, మాత్రలు మాత్రం మానొద్దంది డాక్టరమ్మ.  ఆటోలో వస్తుంటే ఆయన నా వేళ్ళను తన చేతిలోకి తీసుకుని మెల్లగా ఒత్తుతూ కూర్చున్నాడు.

"చెయ్యి తియ్యి, డ్రైవర్ అద్దంల చూత్తాండు."

"చూడనియ్యి," అన్నాడు.