కత్తెర చప్పుడు

మా బావ చేసిన చివరి మామూలు పని, నన్ను చిన్న స్క్రూడ్రైవర్ అడగడం.

ఆదివారం మధ్యాహ్నం. షాపు ముందు రేకుల కింద ఆయన పాత మీగడరంగు కారు ఆగి ఉంది. డ్రైవరు సీట్లో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చున్నాడు. నేను బయట నిలబడి చెప్పులు తొడుక్కుంటున్నాను. నాలుగింటి బస్సు అందుకోవాలి.

"వెళ్ళేవాడివి వెళ్తూ వెళ్తూ, బల్ల మీద చిన్న స్క్రూడ్రైవర్ ఉంటుంది, ఇటు పారెయ్" అన్నాడు.

పారేస్తే సీటు కింద పడుతుంది, మళ్ళీ వంగి వెతుక్కుంటాడు. అందుకని చేతికే ఇచ్చాను.

"ఇంకా ఎన్ని ఆదివారాలు బావా ఈ తంతు?"

"కూర్చోడం ఊరికే, వినడం ఊరికే. నీకేం నొప్పోయ్?" అన్నాడు.

నాతో ఆయన అన్న ఆఖరి మాట అది. మర్నాడు పొద్దున్న ఏడింటికి మా మేనకోడలు ఫోన్ చేసి, "మామయ్యా, నాన్న లేవడం లేదు" అంది.

బావ అంటే మా అక్క మొగుడు. కార్లలో స్టీరియోలు బిగించే ఫిట్టరు. ముప్ఫై రెండేళ్ళు ఒకే షాపు, ఒకే బల్ల. ఊళ్ళో 'చెవుల మేస్త్రి' అనేవాళ్ళు. షాపులో నిజానికి సగమే ఆయనది. మిగతా సగంలో అక్క కుట్టుమిషను. మధ్యలో తెర కూడా ఉండేది కాదు. ఇటు వైర్లు, అటు దారాలు. సాయంత్రం ఊడిస్తే రాగితీగ ముక్కలూ గుడ్డ పేలికలూ కలిసే వచ్చేవి. "ఇదిగో, మా కాపురం" అని చేట ఎత్తి చూపించేది అక్క.

వచ్చే కారువాళ్ళలో ఎక్కువమందిది ఒకటే గోడు. "పాట వస్తోంది గానీ మేస్త్రీ, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది." బావ తలుపు దగ్గర వంగి ఒక నిమిషం వినేవాడు. "మీ స్పీకరు తలుపులో కింద ఉంది కదండీ. అది మీ మోకాలికి పాడుతోంది. చెవికి పాడేది ఇంకోటి కావాలి" అని సొరుగులోంచి ట్వీటర్ల జత తీసేవాడు. కోటు బొత్తాం కంటే కాస్త పెద్దవి. పాటలో ఉండే సన్నని చప్పుళ్ళన్నీ, తాళాలూ గజ్జెలూ గాయని ఊపిరీ, వాటిలోంచే రావాలి.

"ఇంత చిన్నది ఏం చేస్తుంది?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"పెద్ద స్పీకరు అత్తగారండీ. ఏ గదిలో కూర్చుని అన్నా ఇల్లంతా వినిపిస్తుంది. ట్వీటరు ఆడపడుచు. ఎవరి వైపు తిరిగి అంటుందో వాళ్ళకే గుచ్చుకుంటుంది. అందుకే దాన్ని ఎటు తిప్పాలన్నదే అసలు పని."

"మీ చెల్లెలు వస్తుందిగా, ఈ మాట చెప్తానుండండి" అనేది అక్క, మిషను ఆపకుండా.

తిప్పడానికి ఆయనకో పద్ధతి ఉండేది. కారు యజమానిని సీట్లో కూర్చోబెట్టి, అద్దాలన్నీ ఎక్కించి, కళ్ళు మూసుకోమనేవాడు. ట్వీటర్ని డబుల్ టేపుతో తాత్కాలికంగా అంటించి, వేలితో కొంచెం ఇటూ కొంచెం అటూ తిప్పేవాడు. "బాగుందా?" అని మాత్రం అడిగేవాడు కాదు. ఆ మనిషి కనుబొమ్మ వైపు చూస్తూ ఉండేవాడు. చప్పుడు వచ్చి చెవిలో సరిగ్గా కూర్చున్నప్పుడు కనుబొమ్మ దానంతటదే లేస్తుందని ఆయన సిద్ధాంతం. "నోటికి మొహమాటం ఉంటుంది. బాగుందండీ అనేస్తుంది. కనుబొమ్మకి మొహమాటం తెలీదు" అనేవాడు. అది లేచాకే డ్రిల్లు తీసి చిల్లు పెట్టి స్క్రూ బిగించేవాడు. అంతదాకా టేపే. ఎంత తొందరపెట్టినా సరే. "చిల్లు పెట్టాక మనసు మార్చుకోకూడదు" అనేవాడు.

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే నన్ను 'ప్రూఫులూ' అని పిలిచేవాడు. "ఏమోయ్ ప్రూఫులూ, అక్షరం కింద ఒత్తు ఊడిపోతే నీకెలా తెలుస్తుందో, పాటలో పై చప్పుడు ఊడిపోతే నాకలా తెలుస్తుంది. మనిద్దరిదీ ఒకటే జబ్బు."

ఇక క్యాసెట్టు సంగతి. అప్పట్లో ప్రతి ఫిట్టరు దగ్గరా పరీక్ష కోసం ఏదో ఒక పాటల క్యాసెట్టు ఉండేది. బావకి అది నచ్చలేదు. పాట బాగుంటే స్పీకరు బాగున్నట్టే అనిపిస్తుంది, మోసం అనేవాడు. ఒకరోజు ఎవరి దగ్గరో రెండు మైకులు అడిగి తెచ్చి, సొంతంగా ఒక పరీక్ష టేపు తయారుచేస్తానన్నాడు. గొంతు అక్కది. ఒక మైకు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను.

అక్క ఎడమ మైకులో "ఎడమ" అనాలి, తరవాత కుడి మైకులో "కుడి" అనాలి. పెద్ద స్పీకరు కోసం బకెట్టు మీద నాలుగు దెబ్బలు కొట్టాలి. ట్వీటరు కోసం ఏం చప్పుడు పెట్టాలో బావకి తోచలేదు. గ్లాసులో చెంచా తిప్పి చూశాడు, తాళంచెవుల గుత్తి ఊపి చూశాడు. విసిగిపోయిన అక్క తన పని తాను చూసుకుంటూ గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది. బావ చెయ్యెత్తి, "అదే! అదే! ఆపకు!" అని అరిచాడు. ఆ అరుపు కూడా టేపులో ఉంది.

గుడ్డ మీద కత్తెర నడిచేటప్పుడు కరకరమంటుంది, అది అందరికీ తెలిసిందే. చివర్లో రెండు అంచులూ కలిసే చోట ఒక సన్నటి చప్పుడు పుడుతుంది, పిట్ట ముక్కు మూసినట్టు. ఆ చివరి చప్పుడు వినిపిస్తేనే ట్వీటరు పని చేస్తున్నట్టు.

తీరా మొత్తం విన్నాక తేలిందేమిటంటే, "ఎడమ" అన్న మాట కుడివైపు నుంచి వస్తోంది. అక్క మాకు ఎదురుగా కూర్చుంది. ఆమె ఎడమ మాకు కుడి.

"మళ్ళీ చెప్పాలే" అన్నాడు బావ.

"నా ఎడమ చెయ్యి ఏదో నాకు తెలీదా? నేను సరిగ్గానే చెప్పాను. మీ మైకులే తలకిందులయ్యాయి."

"తలకిందులు కాదే, కుడి ఎడమలు."

"ఏదో ఒకటి. సాయంత్రానికి మూడు చొక్కాలివ్వాలి నేను."

మళ్ళీ చెప్పలేదు. బావే అలవాటుపడ్డాడు. మా అక్క ఎడమ అంటే కుడి అని ఆయన చేతులకి తెలుసు. ఎదుటి షాపువాడికి తెలియక, ఆ టేపుకి నకలు తీయించుకుని రెండు నెలలపాటు వచ్చిన కార్లన్నిటికీ కుడి ఎడమలు మార్చి వైర్లు కలిపాడు. సంగతి బయటపడ్డ రోజు అక్క నవ్వలేక మిషను మీద తల వాల్చేసింది.

ఏళ్ళ తరబడి ఆ షాపుకి వచ్చిన ప్రతి కారూ అక్క కత్తెర విన్నాకే బయటికి వెళ్ళింది.

అక్క పోయి ఇప్పటికి ఏడేళ్ళు. కుట్టుమిషను అక్కడే ఉంది. క్యాసెట్లు పెట్టే కార్లు రావడం మానేశాయి. ఆ టేపు బావ కారులో, ముందు అరలో, రుమాలులో చుట్టి ఉండేది. "దాన్ని ఫోన్లోకి ఎక్కించుకుందాం బావా" అన్నానొకసారి. "ఫోను పై చప్పుళ్ళు కోసేస్తుంది. కత్తెరనే కోసేస్తే ఇంకేం మిగులుతుంది?" అన్నాడు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం కబురు చేశాడు. బస్టాండుకి కారు తెచ్చాడు. డ్యాష్‌బోర్డు మీద కొత్త ట్వీటర్లు రెండు అంటించి ఉన్నాయి. షాపు ముందు ఆగాక దిగబోయాను.

"కూర్చో. అక్క కత్తెర వినిపించడం లేదోయ్. టేపు అరిగిందో, స్పీకర్లు చచ్చాయో తెలీడం లేదు. టేపులో ఉంటే మాత్రం ఈ ట్వీటర్లు బయటికి లాగుతాయి. విను."

టేపు పెట్టాడు. ఎడమ. కుడి. బకెట్టు. బావ అరుపు. తరవాత కత్తెర. కరకర, ఆ వెనక పిట్ట ముక్కు మూసినట్టు సన్నగా, స్పష్టంగా.

"వినిపించిందా?"

ఆయన మొహం చూశాను. వస్తున్న దారిలోనే నాకో అనుమానం కలిగింది. బస్టాండు నుంచి నన్ను ఎక్కించుకుని వస్తూ, మలుపు తిరిగాక ఇండికేటరు తియ్యడం మరిచిపోయాడు. అది టిక్కుటిక్కుమంటూ మూడు వీధులు మాతో వచ్చింది. చీమ తుమ్మినా వినే మనిషి తల కూడా తిప్పలేదు. సన్నని చప్పుళ్ళు ఆయన చెవికి అందడం లేదు. ఆ సంగతి ఆయనకి తెలియదనుకున్నాను. దర్జీకి చూపు ఆనకపోతే సూదిలో దారం ఎక్కించడానికి పక్కనున్నవాళ్ళని పిలుస్తాడు. చెవుల మేస్త్రికి చెవులు పోతే ఎవర్ని పిలుస్తాడు? నేను 'వినిపించింది' అంటే తప్పు టేపులో లేదని, తనలోనే ఉందని ఆయనకి తెలిసిపోతుంది.

"లేదు బావా" అన్నాను. "నాకూ వినిపించలేదు. టేపే అరిగిపోయినట్టుంది."

"ఊఁ" అన్నాడు. టేపు వెనక్కి తిప్పుతూ, "ఉంటుందోయ్. ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

ఒకసారి ఆడిన అబద్ధం మళ్ళీ మళ్ళీ ఆడాల్సి వచ్చింది. నెలకో ఆదివారం పిలిచేవాడు. ట్వీటర్లు డ్యాష్‌బోర్డు మీంచి అద్దం మూలకి వెళ్ళాయి, అక్కణ్ణించి ముందు అద్దం పక్క కమ్మీ మీదికి ఎక్కాయి. జత మార్చాడు, వైర్లు మార్చాడు. ప్రతిసారీ టేపు పెట్టేవాడు, ప్రతిసారీ "వినిపించిందా?" అనేవాడు. నేను కళ్ళు మూసుకుని, మొహం రాయిలా పెట్టుకుని, మా అక్క కత్తెర మొత్తం విని, "లేదు" అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే నేను ఆ ఆదివారాల కోసం ఎదురుచూసేవాణ్ణి. ఈ లోకంలో మా అక్క పని చేసుకుంటూ ఉండేది ఆ ఒక్కచోటే. ఆ మాట ఆయనతో ఎన్నడూ అనలేకపోయాను.

చివరి ఆదివారం కమ్మీ మీది ట్వీటర్లని ఇంకో పిసరు తిప్పి ఉంచాడు. ఎడమ, కుడి, బకెట్టు, అరుపు. ఆ వెంటనే కత్తెర ఎంత దగ్గరగా పడిందంటే, మా అక్క వెనక సీట్లో కూర్చుని నా చెవి పక్క వెంట్రుకలు కత్తిరిస్తున్నట్టు అనిపించి ఉలిక్కిపడ్డాను.

కళ్ళు తెరిచేసరికి బావ నన్నే చూస్తున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. మెడ పట్టేసింది."

"వినిపించిందా?"

"లేదు బావా."

ఇంకాసేపు చూశాడు. "మెడకి కాస్త వేడినీళ్ళ కాపడం పెట్టుకో" అన్నాడు. టేపు బయటికి తీసి, రుమాలులో చుట్టి, అరలో పెట్టాడు. నేను దిగి చెప్పులు తొడుక్కుంటుంటే స్క్రూడ్రైవర్ అడిగాడు.

ఆయన పోయిన నెలన్నరకి వెళ్ళాను. కారు ఇప్పుడు మేనకోడలు నడుపుతోంది. బస్టాండు దగ్గర ఎక్కించుకుంది. పక్క సీట్లో కూర్చున్నాను. రేడియోలో ఏదో పాట వస్తోంది.

"నాన్న ఇంత కష్టపడి పెట్టిన ట్వీటర్లు నాకు సరిగ్గా వినిపించవు మామయ్యా. పక్కన కూర్చున్నవాళ్ళకి మాత్రం చెవులు చిల్లులు పడతాయి. డ్రైవరు వైపు కదా తిప్పాలి?"

అప్పుడు చూశాను. కుడివైపుదీ ఎడమవైపుదీ, రెండూ నా సీటు వైపే తిరిగి ఉన్నాయి. ఎప్పుడూ కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి కాబట్టి గమనించలేదు.

"మీ నాన్నకి చెవులు మందగించాయమ్మా. తెలియక ఎటో తిప్పేశాడు" అన్నాను.

కారు పక్కకి తీసి ఆపింది. "ఆ సంగతి నీకు తెలుసా? నీకు చెప్పొద్దన్నాడే! మూడేళ్ళ కిందట నేనే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మర్నాడు కొత్త ట్వీటర్లు తెచ్చాడు. ఇప్పుడివి ఎందుకు నాన్నా, అంటే, 'నాకెలాగూ అందదు. అమ్మ కత్తెర టేపులో ఇంకా ఉందో లేదో మీ మామయ్య విని చెప్తాడు. ఉంటే చాలు. నా చెవుల సంగతి మాత్రం వాడికి చెప్పకు. తెలిస్తే జాలిపడి ఏదో ఒకటి అనేస్తాడు' అన్నాడు."

పాట అయిపోయింది. ఇంకో పాట మొదలైంది.

"ఇవి కాస్త నా వైపు తిప్పి పెట్టవా మామయ్యా? టేపుతో అంటించినవేగా, ఊడొచ్చేస్తాయి."

దగ్గరున్న ట్వీటరు కిందికి బొటనవేలి గోరు పోనిచ్చి పైకి లేపబోయాను. కదల్లేదు. వంగి చూశాను. టేపు లేదు. కొత్త చిల్లులు పెట్టి, రెండేసి స్క్రూలు, తలలదాకా బిగించి ఉన్నాయి.