పసుపు పెట్టిన కాయితం

మునిసిపాలిటీ వాళ్లు నది అవతల మాంగో అనే పేటలో ఇళ్ల స్థలాలు అమ్ముతున్నారని తెలిసినప్పుడు మేం బారిడీహ్‌లో కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్లం. మా ఆయనకి ఉద్యోగం ఇంకా నాలుగేళ్లే ఉంది. రిటైరయ్యాక క్వార్టరు అప్పగించి బయటికి నడవాల్సిందే. సొంతూళ్లో మాకు మట్టిగోడ కూడా మిగల్లేదు. అందుకే ఆయన నా పేరున అర్జీ పెట్టారు. చీటీలు తీస్తే మాకూ ఒక స్థలం వచ్చింది.

సగం సొమ్ము కట్టాక ఒక కాయితం ఇచ్చారు. అచ్చు కాయితంలో ఖాళీలు వదిలిన చోట నా పేరూ స్థలం నంబరూ నీలం ఇంకుతో రాసి ఉన్నాయి. మిగతా సొమ్ము కట్టేటప్పుడు అది చూపించాలి. గడువు దాటితే స్థలం ఇంకొకరికి పోతుంది. ఇదంతా మా ఆయన చదివి చెప్పి, జాగ్రత్తగా దాచమని నా చేతికిచ్చి డ్యూటీకి వెళ్లిపోయారు.

అప్పటికి నాకు చదువు రాదు. మా ఇళ్లలో కొత్తది ఏది వచ్చినా పసుపు పెట్టకుండా లోపల పెట్టం. పసుపు తడిపి నాలుగు మూలలా పెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. చేత్తో రాసిన చోటే కదా అసలు సంగతి ఉంటుందని, అక్కడ కూడా వేలితో నిండుగా ఒక బొట్టు పెట్టాను.

చూస్తూండగానే పసుపు ఆకుపచ్చగా తిరిగింది. కంగారుపడి కొంగుతో అద్దాను. కొంగుకి ఇంకు అంటుకుంది, కాయితం మీద మరక మిగిలింది.

పక్క క్వార్టరులో మా విజయనగరం వైపు ఆవిడ ఉండేది. ఆవిడకి చూపిస్తే ముందు నవ్వింది.

"ఏటి వదినా, కాయితానికి తానం సేయించీసినావేటి?"

నా మొహం చూశాక నవ్వడం మానేసి, పేరు తెలుస్తోందిగానీ నంబరు మొత్తం పోయిందని చెప్పింది.

ఆ సాయంత్రం మా ఆయన టీ తాగుతూ, "కాయితం దాసినావా?" అని అడిగారు. దాచానని తలూపాను. ఆయన కోపిష్టి కాదు. కానీ ఏదైనా పాడైతే నోరు తెరవకుండా గోడవైపు తిరిగి కూర్చునేవారు. దానికే నాకు ఎక్కువ భయం.

మర్నాడు ఆయన పొద్దుటి షిఫ్టుకి వెళ్లగానే కాయితం పట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి బస్సెక్కాను. ఒంటరిగా వంతెన దాటడం అదే మొదటిసారి. ఆఫీసులో గుమాస్తా కాయితం వెలుతురుకి ఎత్తి చూసి, నంబరు ఎవరు చెరిపారని హిందీలో గట్టిగా అడిగాడు. దొంగ కాయితం అనుకుంటున్నాడేమోనని భయమేసింది. పసుపని చెప్పడానికి హల్దీ అని మాత్రం అనగలిగాను. వాసన చూశాడు.

"కాగజ్ కీ షాదీ థీ క్యా?"

కాయితానికేమన్నా పెళ్లా అని. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచి, నా పేరు వెతికి ఒక వరుస మీద వేలు పెట్టాడు. పక్కాయనతో మాట్లాడుతూనే కొత్త కాయితం రాసి, నాచేత వేలిముద్ర వేయించి ఇచ్చేశాడు. మాటల్లో ఆ వేలు కిందకో పైకో జరిగిందేమోనని నా అనుమానం. సరిగ్గా రాశారా అని రెండుసార్లు అడిగాను. స్థలాల దగ్గర పాతిన రాళ్ల మీద కూడా నంబర్లున్నాయి, వెళ్లి కలిపి చూసుకో అని విసుక్కున్నాడు.

కలిపి చూడ్డానికి చదువు అక్కర్లేదనుకుని అక్కడికి నడిచాను. మా స్థలం మురుగ్గుంట పక్కది, ఇంతకుముందు మా ఆయన చూపించారు. రాయి ఒక పక్కకి ఒరిగి మట్టిలో కూరుకుపోయి ఉంది. కాయితంలో మూడు అంకెలున్నాయి. మొదటిది నిలువు కర్ర, రెండోది గాజు మీద గాజు పెట్టినట్టు, మూడోది తల వంచిన కొడవలి. రాయి మీద కర్ర ఉంది, గాజులున్నాయి. ప్రాణం లేచొచ్చింది. అంతలో పక్క రాయి మీద చూపు పడింది. దాని మీదా కర్రే, గాజులే. ఆ పక్క దాని మీద కూడా అంతే. వరుసంతటికీ ఆ రెండూ ఒకటే. తేడా అంతా మూడోదాంట్లోనే ఉంది. మా రాయికి అదే మట్టిలో ఉంది.

ఒక రేకుముక్క దొరికితే దాంతో తవ్వాను. గోళ్లలోకి మట్టి పోయింది. ముందు ఒక అడ్డగీత బయటపడింది, తర్వాత ఏటవాలుగా దిగిన గీత. కాయితం రాయి పక్కన పెట్టి చూశాను. కొడవలే. అయినా నమ్మకం చాలక రెండు పక్కల రాళ్లూ చీరచెంగుతో తుడిచాను. ఒకదానిమీద పొట్ట వచ్చిన కొక్కెం, రెండోదాని మీద మళ్లీ గాజులు. కొడవలి మా దాని మీదే ఉంది. అప్పుడు మడిచాను కాయితాన్ని.

మా ఆయన షిఫ్టునుంచి రాగానే, అడక్కముందే రెండు కాయితాలూ ముందు పెట్టి జరిగిందంతా చెప్పేశాను. పాతదాన్ని చాలాసేపు చూశారు. గోడవైపు తిరుగుతారని ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"నంబరు మనదేనని నీకెలగ తెలిసినాది?"

"రాళ్లు సూసొచ్చినాను. అటూ ఇటూ ఉన్నవి కూడా."

ఆయన కొత్త కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. లేచి చెప్పులేసుకున్నారు.

"పద, నాకూ ఓపాలి సూపించు."