జాబితాలో లేని కుంట

శామీర్‌పేట చెరువులోకి నీళ్లు తెచ్చే వాగులను, వాటి దారిలో ఉన్న కుంటలను నెలకోసారి పరీక్షించే పనిలో నేను మూడేళ్లు ఉన్నాను. పదకొండు చోట్ల నీళ్లు పట్టేదాన్ని. కొన్ని పరీక్షలు గట్టు మీదే చేసి, మిగతా సీసాలు ఐస్ పెట్టెలో పెట్టుకుని ల్యాబ్‌కి తెచ్చేదాన్ని. సూరారంలో మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే. మా నాయిన తన ఫ్యాక్టరీలో షిఫ్టు వాళ్లందరికీ నేను నీళ్ల సైంటిస్టునని చెప్పుకునేవాడు. నేను సైంటిస్టును కాను. కానీ ఆ మాటను ఎప్పుడూ సరిచేయలేదు.

రెండో ఏడు, ఆ పనంతా చూసే మా సారు తెప్ప నడపడానికి ఒకామెను పెట్టుకున్నాడు. రావల్కోల్ నుంచి వచ్చేది. చేపలు పట్టే కుటుంబం, నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది.

మొదటి నెలలోనే ఒకచోట నీళ్లలో చెయ్యి ముంచి, వేళ్లు రుద్దుకుని, వాసన చూసింది. "సారూ, గీ నీళ్లు ఎప్పటి లెక్క లేవు. జిడ్డుగున్నయి," అంది. రెండు రోజుల తర్వాత నా పరీక్షల్లోనూ అదే తేలింది. అప్పటి నుంచి ఎక్కడ ఆగినా సారు ముందు ఆమె వైపు తిరిగి "ఏమంటవమ్మా?" అని అడిగేవాడు. అంతకుముందు నన్ను అడిగేవాడు, మీటర్ ఏం చూపిస్తోందని. ఇప్పుడు నేను అంకెలు చదువుతుంటే, ఆమె చెప్పింది నిజమా కాదా అని సరిచూసుకోవడానికే వినేవాడు.

ఆమె తప్పు చెప్పే రోజు కోసం ఎదురుచూశాను. ఒకసారి చెప్పింది కూడా. ఆమె బాగలేవన్న నీళ్లు పరీక్షలో శుభ్రంగా ఉన్నాయి. ఆ సాయంత్రం మేడ్చల్‌లో బస్సెక్కి ఇల్లు చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. అన్నం తింటూ అమ్మకు చెప్పాను.

"గామె తప్పైతే నీకేమొచ్చిందే?" అంది అమ్మ.

ఆ ఎండాకాలం సారు ఊళ్లో లేనప్పుడు మేమిద్దరమే వెళ్లాం. ఏడో చోటికి పోయే దారిలో ఒక చిన్న కుంట ఉంది. మా జాబితాలో లేదు. ఆమె దాని గట్టు మీద ఆగిపోయింది.

"మేడం, గీ నత్తలు జూసినవా? అన్నీ రాళ్ల మీదికి ఎక్కి కూసున్నయి. లోపల గాలి ఆడుతలేదు. ఒక సీసా పట్టు."

నేను చూశాను. తడి ఆరిపోతున్న రాళ్ల మీద వందల నత్తలు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే అవి బయటికొస్తాయని నాకూ తెలుసు. సంచిలో రెండు ఖాళీ సీసాలున్నాయి.

"ఇది మన లిస్టుల లేదక్కా," అన్నాను.

"లిస్టుల లేకుంటే నీళ్లు కావా?"

"సారుకు చెప్త. ఇగ నడువు, ఎండ ముదురుతాంది."

సారుకు చెప్పలేదు. నోటుబుక్కులోనూ రాయలేదు.

నాలుగు రోజులకు ఆ కుంటలో చేపలు చచ్చిపోయాయని సారుకు ఫోన్ వచ్చింది. ఆమె వాళ్ల చేపలు పట్టేవాళ్ల సంఘం చేప పిల్లలను వదిలింది అందులోనే. మేం వెళ్లేసరికి ఆమె భర్త, ఇంకో ఇద్దరు మోకాళ్ల లోతులో నిలబడి చచ్చిన చేపలను గంపలకెత్తుతున్నారు. నేను సీసా నింపి మందు చుక్కలు వేశాను. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే అడుగున గోధుమ రంగు దిగాలి. విరిగిన పాలలా తెల్లగానే దిగింది.

"ముందే ఏమన్నా గుర్తులు కనిపించాయా?" అని సారు అడిగాడు.

"మన పదకొండు చోట్ల నీళ్లు బాగానే ఉన్నాయి సార్," అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె నా వైపు ఒకసారి చూసి, గంప అందుకోవడానికి వంగింది.

సారు వాగు వెంట ముందుకు పోయాక నా దగ్గరకు వచ్చింది.

"నేను జెప్పిన ముచ్చట సారుకు జెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"సారు అన్నీ నిన్నే అడుగుతుండు. నాకు కడుపు మండింది," అన్నాను. పైకి అనేసరికి అది ఎంత చిన్న సంగతో నాకే వినిపించింది.

ఆమె గంప కింద పెట్టింది. "నాకు మండదా? ఎన్నేండ్ల సంది జెప్తున్నం నీళ్లు పాడైతున్నయని. ఒక్కలు రాసుకోలే. నువ్వు అంకె రాస్తే ఆఫీసోళ్లు సంతకం వెడ్తరు. గట్లని నీ సీసాలు పలగ్గొట్టిననా?"

తిరిగి వచ్చేటప్పుడు జీపులో సారుకు జరిగిందంతా చెప్పాను.

"రిపోర్టులో రాయి," అన్నాడాయన. "ఆమె ఏ రోజు చెప్పిందో, నువ్వు శాంపిల్ తియ్యలేదని."

"కారణం కూడా రాయాలా సార్?"

"అది నీ దగ్గరే ఉంచుకో."

రాశాను. దాని కింద నా సంతకమే పెట్టాను. మర్నాడు ఆమె ముందు నడుస్తుంటే వాగు వెంట ఎగువకు వెళ్లాం. ఒక కల్వర్టు కింద తుప్పు పట్టిన పైపు దొరికింది. ఖాళీ డ్రమ్ములు కడిగే ఒక షెడ్డు నుంచి వస్తోంది. కొన్ని వారాలకు అధికారులు షెడ్డుకు నోటీసు ఇచ్చి, పైపు నోట్లో సిమెంటు పోయించారు. కుంట మా జాబితాలో పన్నెండోది అయింది. ఆ ఏడు మాత్రం అందులో చేపల్లేవు. ఆమె భర్త గండిమైసమ్మ చౌరస్తాలో కూలీలతో పాటు పని కోసం నిలబడి ఉండగా బస్సులోంచి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ తల తిప్పుకున్నాను.

వానలు పడ్డాక, ఆక్సిజన్ పరీక్ష ఆమెకూ నేర్పమని సారు నాతో అన్నాడు. ఒప్పుకున్నాను గానీ, నేర్పుతున్నంతసేపూ ఎక్కడ తప్పుతుందా అని ఆమె చేతులనే చూశాను. బుడగ పడకుండా సీసా నింపి, చుక్కలు సరిగ్గా లెక్కపెట్టి వేసింది. రంగు దిగేదాకా కదలకుండా కూర్చుంది.

"గిట్లనేనా మేడం?"

"గట్లనే," అన్నాను.

నేను నేర్చుకున్నప్పుడు మూడు సీసాలు పాడుచేశాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.