మా నాయన కార్ల పందెం

కొత్త కంప్యూటర్ కొనిపించుకుందామని నేను వేసిన ఎత్తులో ఇంట్లో ఉన్న పాతది కూడా నా చేయి జారిపోయింది. ఇంత తెలివిగా నష్టపోయినవాడు మద్రాసు మొత్తం మీద ఇంకొకడు ఉండడని నా గట్టి నమ్మకం.

తొంభైల నడుమ సంగతి. కొత్వాల్ చావడి దగ్గర మా నాయనకు పప్పుల టోకు అంగడి, దాని మేడ మీద మా ఇల్లు. అంగడి లెక్కల కోసం ఆయన కొన్న కంప్యూటర్ మేడ మీదే ఉండేది. నేను కాలేజీ కుర్రాణ్ణి. స్నేహితుడు శేఖర్ ఇంట్లో కొత్తగా వచ్చిన కార్ల పందెం ఆట చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. అబద్ధమెందుకు, అన్నం బాగానే తిన్నాను, ధ్యాస మాత్రం ఆ కార్ల మీదే.

"నాయనా, మన కంప్యూటర్ ముసలిదైపోయింది. కొత్తది తీసుకుందాం."

"ఏం, కూడికలు తప్పేస్తా ఉండాదా?"

"లేదు. మరీ నిదానం. కొత్త ఆటలేవీ దీంట్లో ఆడవు."

"నిదానమైతే తప్పేందిరా? సరే, సరుకు చెడిందని నాకు చూపించు. విజయదశమికి కొత్తది తెద్దాం."

పప్పు పలుకు నోట్లో వేసుకుని చూడందే బేరం మాట్లాడని మనిషి ఆయన. మచ్చు చూపిస్తే చాలు, నా పని అయిపోయినట్టే.

శేఖర్ దగ్గర ఆట తెచ్చి ఎక్కించాను. తీరా చూస్తే ఆ ముసలిది పడుతూ లేస్తూ ఆడేస్తోంది. నాకు కడుపు మండింది. అప్పటి కంప్యూటర్లకు ముందువైపు టర్బో అని ఒక మీట ఉండేది. అది ఆపేస్తే యంత్రం ఇంకా నెమ్మదిస్తుంది. ఆపేశాను. కార్లు పెళ్లి ఊరేగింపులా కదిలాయి.

నాయనను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను.

"చూడు నాయనా, ఎంత నిదానమో."

"ఉండరా. ఎడమకి తిప్పాలంటే ఏది నొక్కాల?"

"ఆ బాణం. అది కాదు నాయనా, నువ్వు చూడాల్సింది..."

"సుమ్మా ఉండు, మాట్లాడించొద్దు. ముందర వంపు వస్తా ఉండాది."

సైకిల్ తప్ప వేరే బండి తోలి ఎరగని మా నాయన ఆ వంపు నీటుగా తిప్పాడు. వెనకనుంచి ఇంకో కారు వస్తే పక్కకు జరిగి దారిచ్చాడు.

"ఇది పందెం నాయనా. దారివ్వకూడదు."

"పాపం, వాడికేం అవసరమో. పోనీ. హారన్ ఏడుండాది?"

"లేదు."

"హారన్ లేకుండా బండి చేసినారా. సరి, మెల్లంగా పోదాం."

అమ్మ భోజనానికి పిలిస్తే "ఈ కొండ దాటినాక వస్తా" అన్నాడు. అందరికంటే ఆఖర్న చేరి, ఎవరికీ తగలకుండా వచ్చానని మీసం దువ్వుకున్నాడు. మూటల మధ్య బతికిన ఆ మనిషి ముఖంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ముచ్చటేసింది. అయినా స్వార్థం ఊరుకోదు కదండీ.

"మరి కొత్తది, నాయనా? దాంట్లో ఈ బండి సర్రున పోతుంది."

"అందుకే వద్దంటా ఉండా. సర్రున పోయి గుద్దుకునే వయసా నాది? దీంట్లో అయితే దారి పక్కన బోర్డులు కూడా చదువుకోవచ్చు."

మీట సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పి, ఆయన చేత కారు గుద్దించలేక మింగేశాను.

విజయదశమి నాడు మా ఇంటికి కొత్త వస్తువు రానే వచ్చింది. మెత్తటి కుర్చీ. నాయన ఆ పాత కంప్యూటర్‌కు గంధం, కుంకుమ పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, నన్ను కాఫీ తెమ్మన్నాడు.

అంచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒక వస్తువు పనికిరాదని నిరూపించడానికి, దాన్ని ఈ జన్మలో మళ్లీ మా నాయన చేతికివ్వను.