తొమ్మిది మెట్ల రేవు

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ఎన్ని గంటలకు, ఎంత దూరంలో అని అడిగే రకం నేను. అలాంటివి నమ్మను. అందుకే ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది.

మాది రేపల్లె. సైకిల్ షాపు నడుపుతాను. లెక్కలు ఎవరూ చెప్పలేదు, నేనే నేర్చుకున్నాను. సముద్రం నీరు ఎక్కే వేళలు, దిగే వేళలు గుణించి నిజాంపట్నం జాలర్లకు నెలనెలా కాగితం రాసిస్తాను.

కిందటేడు మా వీధిలో ఉండే మాణిక్యమ్మ పిన్ని, పాత దేవుడి పటానికి కొత్త ఫ్రేము కట్టించమని నాకిచ్చింది. తెనాలిలో ఫ్రేముల షాపాయన పటం విప్పితే, వెనక అట్టకు బదులు రంగుల బొమ్మ ఒకటి ఉంది. రేవు, తెరచాప ఓడలు, నీళ్లలోకి దిగే రాతి మెట్లు. సంతకం లేదు.

బొమ్మ చూడగానే పిన్ని కళ్లు తుడుచుకుంది. ఆమె ముత్తాత కోటయ్య, ఓడలు వచ్చే రోజుల్లో నిజాంపట్నం రేవు బొమ్మలు వేసేవాడట. బొమ్మలూ పోయాయి, ఆయన్ను ఎరిగినవాళ్లూ పోయారు. మిగిలింది ఆయన చేతిరాత పుస్తకం. ఒకే రేవును పదేపదే వేశాడు గనుక, ఏది ఏదో గుర్తుండటానికి నీటి పైన కనిపించే మెట్లు లెక్కపెట్టి రాసుకున్నాడు. ఏడు ఓడలు, తొమ్మిది మెట్లు ఉన్నది ఒక్కటే.

పౌర్ణమి నాడు మధ్యాహ్నం రెండున్నరకు పిన్ని ఇంట్లో రెండుసార్లు లెక్కపెట్టాను. ఏడు ఓడలు, తొమ్మిది మెట్లు.

అప్పుడే బాపట్లలో పాత బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. ఆధారం చూపిస్తే కోటయ్య పేరు వేస్తామని, లేకుంటే ‘ఎవరు వేశారో తెలియదు’ అని పెడతామని అక్కడి డ్రాయింగు మాస్టారు చెప్పారు. మూడు రోజుల తర్వాత పొద్దున పదకొండింటికి ఇద్దరం బొమ్మా, కోటయ్య పుస్తకమూ పట్టుకుని వెళ్లాం. పేర్ల కార్డులు ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్లాలి.

మాస్టారు పుస్తకంలో రాసింది చదివి, బొమ్మను భూతద్దంతో చూశారు. “ఓడలు ఏడూ సరేనండి. మెట్లు ఐదే ఉన్నాయే!”

వంగి చూశాను. ఐదే.

“ఏంట్రా, పది లోపు లెక్కే రాని నువ్వా జాలర్లకి వేళలు చెప్పేది? పాపం, వాళ్లింకా బతికే ఉన్నారా?” అంది పిన్ని. పుస్తకాన్ని మాత్రం గుండెకు హత్తుకుంది.

ఏమీ తోచక లెక్కలోకి దిగాను. పౌర్ణమి నాడు రెండున్నరకు మా రేవులో నీరు పూర్తిగా దిగి ఉంటుంది. రోజుకు యాభై నిమిషాలు ఆలస్యం, మూడు రోజులకు రెండున్నర గంటలు. అంటే ఈ రోజు ఐదింటికి దిగుతుంది. ఇప్పుడు నిండు పోటు.

“మాస్టారూ, ఐదింటికి ఇంకోసారి చూస్తారా?”

“అప్పటికి మెట్లు మొలుస్తాయాండీ?” అని నవ్వారు. అయినా పిన్ని ముఖం చూసి సరేనన్నారు. బొమ్మను బీరువాలో పెట్టి, తాళంచెవి తన జేబులోనే వేసుకున్నారు.

పిన్ని నాకు దూరంగా వెళ్లి కూర్చుంది. నేను కొనిచ్చిన బజ్జీలు మాత్రం తింది.

ఐదింటికి మాస్టారే బీరువా తీశారు. లెక్కపెట్టారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టారు. “తొమ్మిదండి,” అన్నారు మెల్లగా. కింది నాలుగు మెట్లు తడిగా మెరుస్తున్నాయి. వేలితో తాకాను. పొడిగానే ఉన్నాయి.

కార్డు మీద కోటయ్య పేరు పడింది. ప్రదర్శన జరిగినన్ని రోజులూ పిన్ని ఆ బొమ్మ పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరికీ “మా ముత్తాతండీ” అని చెప్పింది.

ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. పిన్నికి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు.

“ఆయన వేసింది సముద్రం కదరా! ఎక్కదా, దిగదా?”